తలుపు ఇవతల

నా ఉద్యోగం చెవులది.
బురోస్ పట్టణంలో, నేత మిల్లుల వెనక వీధుల్లో,
ముప్పై ఒక్క చలికాలాలు
టీవీ లైసెన్సు కట్టనివాళ్ళ గుమ్మాల్లో నిలబడ్డాను.
తట్టేముందు ఒక్క నిమిషం వినేవాణ్ణి.
రూలు కాదది, అలవాటు.

మొదట్లో దేశానికంతటికీ ఒకటే చానెల్.
మెట్లెక్కుతుంటే
రెండో అంతస్తులో వదిలేసిన వాక్యం
మూడో అంతస్తులో చేతికందేది:
"కాడ్ చేపను ముల్లు విరక్కుండా..."
"...తోక వైపు నుంచి కోయాలి."
పై అంతస్తు చేరేసరికి వంట అయిపోయి
పాస్టరు గారు ప్రార్థనలో ఉండేవారు.
అలా ఒక భవనం ఎక్కి దిగితే
ఒక సాయంత్రం మొత్తం విన్నట్టే.

"మా ఇంట్లో టీవీ లేదండీ" అని
నీళ్ళు నమిలేవారు పెద్దమనుషులు.
వాళ్ళ వెనక, దుప్పటి ముసుగేసుకుని,
నెత్తిన పూలకుండీ పెట్టుకున్న పెట్టె
రేపు ఉత్తరాన మంచు పడుతుందని చెప్పేది.

రెండో చానెల్ వచ్చింది.
మొగుడు ఐస్ హాకీ అంటాడు, పెళ్ళాం నాటకం అంటుంది,
నేను బయట నిలబడి ఎవరు గెలుస్తారా అని చూసేవాణ్ణి.
రంగు వచ్చింది. రంగుకు రుసుం ఎక్కువ.
రంగు చెవికి వినపడదు కదా,
తలుపు సందులోంచి ఎదుటి గోడను చూసేవాణ్ణి.
గోడ పాలలా నీలంగా వెలిగితే పాత రేటు,
ఎర్రబడి పచ్చబడితే కొత్త రేటు.

మంచుకొండ మీద స్కీయింగ్ రెండో పరుగు మొదలైతే మాత్రం
ఎవరి తలుపూ తట్టలేదు.
మెట్ల మీదే సంచీ దించి
సెకనులో వందో వంతు కోసం
వాళ్ళతోపాటు ఊపిరి బిగబట్టాను.

అణువిద్యుత్తు కావాలా వద్దా అని
దేశం వాదించుకున్న నెలలో
అన్ని తలుపులూ ఒకే గొంతుతో అరిచాయి.
డిసెంబరులో సాయంత్రం ఆరు దాటాక
అన్నీ పిల్లల గొంతులే.
కాగితం కేలెండరులో ఆ రోజు కిటికీ తెరిచి,
ఆ రోజు కథ కోసం నేల మీద బాసింపట్టు వేసుకుని.

డెబ్బై ఎనిమిది, ఫిబ్రవరి. ఔనె కెంపినెన్.
మణికట్టు దాకా అద్దకం రంగు.
ఆమె "లేదు" అంది స్వీడిష్‌లో.
లోపల పెట్టె "ఉన్నాను" అంది ఫిన్నిష్‌లో.
వారానికి ఆ కాసేపే ఆమె భాష
ఆమె గదిలోకి వచ్చేది.
తలుపు మూయాలన్న ధ్యాస కూడా లేక
చెవి అటే పారేసి నిలబడింది.
కాగితం మీద "టీవీ లేదు" అని రాశాను.
నా ముప్పై ఒక్కేళ్ళలో అదొక్కటే అబద్ధం.
సరే, ఇంకో నాలుగున్నాయి.

తర్వాత బాల్కనీలకు తెల్ల పళ్ళేలు మొలిచాయి.
మన గాలిలో అమ్మకూడని సబ్బును
లండన్ ఆకాశంలోంచి మన భాషలోనే అమ్మారు.
రెండో అంతస్తులో వదిలేసిన వాక్యం
మూడో అంతస్తులో దొరకలేదు.
ఒకచోట కాల్పులు, ఒకచోట చప్పట్లు,
ఒకచోట ఎవరో ఎవరినో దీవిలోంచి వెళ్ళగొడుతున్నారు.
మెట్లెక్కి దిగాను, చేతికేమీ రాలేదు.
అప్పుడే రిటైరయ్యాను.

ఇప్పుడు లైసెన్సే లేదు, పన్నులో కలిపేశారు.
వృద్ధాశ్రమంలో నా గదికి పెద్ద తెర ఉంది.
వసంతంలో మూడు వారాలు, రాత్రీ పగలూ,
ఎల్క్ దుప్పులు నది దాటడం చూపిస్తారు.
దాటడం తక్కువ. నది ఎక్కువ.
నిన్న ఒకటి ఒడ్డున గంటసేపు నిలబడి
మనసు మార్చుకుని అడవిలోకి వెళ్ళిపోయింది.
దేశంలో ఎన్ని ఇళ్ళలో "అయ్యో" అనుకున్నారో
వినడానికి నాకిప్పుడు మెట్లు లేవు.

రాత్రి రెండింటికి నర్సు హోదాన్ వస్తుంది.
సొమాలియా నుంచి వచ్చిన పిల్ల, అడుగు చప్పుడు మెత్తన.
నాకు తెలుస్తుంది,
తట్టేముందు బయట ఒక్క నిమిషం ఆగుతుంది.
"హిల్డింగ్ గారూ, ఏమైనా దాటిందా?"
లేదంటాను.

తలుపు అవతల ఆమెకేం వినపడి ఉంటుందో.
నీళ్ళ చప్పుడు,
మధ్యలో నా దగ్గు.